ట్యాగ్ ఎక్కడ అతికించాలో ఎవరు చెప్పాలి? కార్ల తయారీదారులకు, టోల్ అధికారులకు బహిరంగ లేఖ

ఆర్యులారా,

కార్లను రూపొందించే ఇంజనీర్లను, వాటిని అమ్మే సంస్థలను, రహదారుల మీద ఎలక్ట్రానిక్ పద్ధతిలో టోల్ వసూలు చేసే అధికారులను ఒకే లేఖలో సంబోధించడం మీకు వింతగా తోచవచ్చు. మీ కార్యాలయాలు వేరు, మీరు లోబడే చట్టాలు వేరు, చాలాచోట్ల మీ మంత్రిత్వ శాఖలు కూడా వేరు. అయినా మీ అందరి పనీ వచ్చి కలిసే చోటు ఒకటుంది. అది నా కారు ముందు అద్దం మీద, రియర్‌వ్యూ మిర్రర్ చాటున, అరచేతి వెడల్పు కూడా లేని స్థలం. టోల్ ట్యాగ్‌ను అక్కడ సరిగా అమర్చే బాధ్యత మీలో ఎవరూ తీసుకోలేదు. కాబట్టి నేనే అతికించుకున్నాను, తప్పుగా అతికించుకున్నాను. అది తప్పని ముందుగా చెప్పగలిగిన వారు మీరే గనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. కొత్త కారు కొన్నాక పాత కారు ట్యాగ్‌ను రద్దు చేయించి కొత్తది తెప్పించుకున్నాను. కవరులో వచ్చిన కాగితం మీద నాలుగు బొమ్మలున్నాయి: అద్దం తుడవండి, వెనుక కాగితం ఒలవండి, అతికించండి, గట్టిగా నొక్కండి. చెప్పినట్టే చేశాను. మొదటి టోల్‌గేటు దగ్గర బ్యారియర్ లేవలేదు. గేటు దగ్గరున్న ఉద్యోగి చేతిలో పట్టుకునే రీడర్ తెచ్చి అద్దానికి ఆనించినా ట్యాగ్ పలకలేదు. వెనుక హారన్లు మొదలయ్యాయి. మరో ప్రయాణంలో ఒక గేటు దగ్గర పలికింది, తర్వాతి గేటు దగ్గర మూగబోయింది. ఖాతాలో డబ్బుంది, ట్యాగ్ చెల్లుబాటులో ఉంది, బండి నంబరు సరిగానే నమోదై ఉంది. అయినా ట్యాగ్ లేని వాహనంగా లెక్కగట్టి ఎక్కువ మొత్తం వసూలు చేశారు. ట్యాగ్ ఇచ్చినవారిని అడిగితే ట్యాగ్‌లో లోపం లేదన్నారు. కారు అమ్మినవారిని అడిగితే టోల్ సంగతి తమకు సంబంధించినది కాదన్నారు. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద కారు మాన్యువల్ తిరగేస్తుంటే, అద్దాలను శుభ్రం చేసే పద్ధతి చెప్పే పేజీలో ఒక వాక్యం కంటబడింది: ముందు అద్దంలో వేడిని తిప్పికొట్టే లోహపు పొర ఉందట, రేడియో సంకేతాలతో పనిచేసే పరికరాలను పైభాగంలో పొర లేని చోటనే పెట్టాలట. నా ట్యాగ్ ఆ చోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది.

ఆ నాలుగు వేళ్ల దూరం గురించి మాట్లాడే ముందు ఒక మాట చెప్పాలి. నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాను. ప్రతి వాహనంలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఉంచి, అది ఏ దారిన ఏ వేళ వెళ్లిందో గుర్తించి రుసుము లెక్కించవచ్చని ఆర్థికవేత్త విలియం విక్రీ 1959లోనే అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ప్రతిపాదించాడు. అప్పట్లో అది అతిశయంగా అనిపించి ఉంటుంది. 1987లో నార్వేలోని ఓలెసుండ్‌లో, 1989లో అమెరికాలోని డల్లాస్‌లో ఆ ఊహ రోడ్డెక్కింది. టోల్‌గేట్ల దగ్గర బండ్లు ఆగి, కదిలి, మళ్లీ ఆగే అవస్థ తగ్గితే మిగిలేది సమయం ఒక్కటే కాదు. అమెరికాలో ఈ-జీపాస్ అనే ఎలక్ట్రానిక్ టోల్ పద్ధతి వచ్చాక టోల్‌గేట్లకు 2 కిలోమీటర్ల లోపు నివసించే తల్లులకు నెలలు నిండకుండా పుట్టే బిడ్డల సంఖ్య, తక్కువ బరువుతో పుట్టే బిడ్డల సంఖ్య 10 శాతానికి పైగా తగ్గాయని జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే ఆర్థికవేత్తలు 2011లో చూపించారు. గేటు ముందు నిలబడిన ఇంజిన్ల పొగ ఎవరి ఊపిరిలోకి పోతుందో ఆ పరిశోధన చదివాకే నాకు తెలిసివచ్చింది. ఇంత మేలు చేయగల పరికరం సరిగా పనిచేయాలన్న కోరికతోనే దాని లోపం గురించి రాస్తున్నాను.

ఇక్కడి సాంకేతిక విషయాలు మీకు తెలియనివి కావు. అయినా ఈ లేఖ మీతోపాటు తోటి వాహనదారులు కూడా చదువుతారు గనుక కొంచెం వివరంగా చెబుతాను. టోల్ పరికరాలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది స్టిక్కర్ రూపంలో ఉండే ట్యాగ్. అందులో బ్యాటరీ ఉండదు. ఒక చిన్న చిప్, దాని చుట్టూ పలుచని లోహపు యాంటెన్నా మాత్రమే ఉంటాయి. గేటు పైనుండే రీడర్ 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలను వదిలితే, వాటి శక్తితోనే చిప్ మేల్కొని, అవే తరంగాలను కొద్దిగా మార్చి తన సంఖ్యను తిప్పి పంపుతుంది. భారతదేశపు ఫాస్టాగ్, తైవాన్‌లోని ఈట్యాగ్ ఈ కోవలోవి. రెండోది పెట్టె రూపంలో ఉండే పరికరం. దానికి సొంత బ్యాటరీయో, కారు నుంచి వచ్చే విద్యుత్తో ఉంటుంది. ఐరోపా దేశాల్లో, జపాన్‌లో ఇది ఎక్కువగా 5.8 గిగాహెర్ట్జ్ వద్ద గేటుతో సంభాషిస్తుంది. పెట్టె గొంతు కాస్త గట్టిది, స్టిక్కర్ గొంతు చాలా సన్ననిది. కానీ రెండింటి మాటా ముందు అద్దం గుండానే బయటికి పోవాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మామూలు గాజు రేడియో తరంగాలను పెద్దగా అడ్డుకోదు. ఎండ వేడిని ఆపేందుకు పొరల మధ్య వెండి వంటి లోహాన్ని కంటికి కనిపించనంత పలుచగా పూసిన అద్దం మాత్రం వేడిని తిప్పికొట్టినట్టే రేడియో తరంగాలను కూడా తిప్పికొడుతుంది. మంచును కరిగించడానికి అద్దమంతా విద్యుత్‌తో వేడెక్కే పొర వేసినా ఇదే ఇబ్బంది. స్టిక్కర్ విషయంలో ఈ నష్టం రెండుసార్లు జరుగుతుంది: శక్తి లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, జవాబు బయటికి పోయేటప్పుడు మరోసారి. ఈ సంగతి కార్లు తయారుచేసే మీకు బాగా తెలుసు. అందుకే మీలో చాలామంది మిర్రర్ దగ్గర ఆ పొరను కొంత మేర తీసేసి, తరంగాలు దూరడానికి ఒక కిటికీ వదిలిపెడతారు. అంటే పరిష్కారం కారులోనే ఉంది. ఉన్నట్టు కారు యజమానికే తెలియదు. చాలా కార్లలో అది నల్లచుక్కలు ముద్రించిన భాగంలో ఉంటుందని ఎవరో చెబితే విని, చుక్కలున్న చోటల్లా కిటికీ ఉందనుకునేవారిని చూశాను. అదీ పొరపాటే. అద్దాన్ని పట్టి ఉంచే జిగురు కనబడకుండా, దాని మీద ఎండ పడకుండా ఉండేందుకు లోహపు పొర లేని అద్దాలకు కూడా నల్ల అంచు, చుక్కలు వేస్తారు. చుక్కల్ని చూసి పొర సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదు.

దీనికి తోడు ఇప్పుడు మిర్రర్ చుట్టూ స్థలం కోసం పోటీ పెరిగింది. వాన పడితే వైపర్లను నడిపే సెన్సర్, లేన్ గీతలను గమనించే కెమెరా, యజమాని విడిగా పెట్టుకునే డ్యాష్‌క్యామ్, అన్నీ అక్కడే చేరాయి. కెమెరా ముందు ట్యాగ్ అతికిస్తే కారు భద్రతకే ముప్పు. కెమెరాను తప్పించుకుని పైకి జరిపితే కప్పు అంచునున్న ఇనుప చట్రం స్టిక్కర్ యాంటెన్నాను బలహీనపరుస్తుంది. కిందికి దించితే డ్రైవరు చూపుకు అడ్డం. డ్యాష్‌బోర్డు మీద పెడదామంటే అక్కడ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే మూత ఉంటుంది, పైగా ఎండలో ఆ భాగం బ్యాటరీ ఉన్న ఏ పరికరమూ ఓర్చుకోలేనంతగా కాగుతుంది. ఇన్ని నియమాలూ తెలిసి, వాటన్నిటికీ లోబడే ఒకే ఒక్క చోటును వెతికిపట్టవలసిన పనిని, రేడియో తరంగాల గురించి ఏమీ తెలియని కొనుగోలుదారుకు, నాలుగు బొమ్మల కాగితంతో అప్పగించారు. ఆ పైన స్టిక్కర్‌ను ఒకసారి అతికించాక ఒలిస్తే దాని యాంటెన్నా తెగిపోయేలా తయారుచేశారు. ఒక బండి ట్యాగ్‌ను మరో బండికి వాడకుండా చేసిన ఆ ఏర్పాటును నేను తప్పుపట్టను. కానీ దిద్దుకునే వీలులేని పనిని చేయించేటప్పుడు చోటు ముందే చూపించాలి కదా.

అందుకని కార్ల తయారీదారులను నేను అడిగేది చాలా చిన్నది. ముందు అద్దం కింది మూలన మీరు తయారీ గుర్తును, గాజు రకాన్ని, అది ఏ దేశపు ప్రమాణాలకు లోబడిందో తెలిపే సంఖ్యలను ముద్రిస్తూనే ఉన్నారు. అదే యంత్రంతో, అదే సిరాతో, తరంగాలు దూరే చోటు చుట్టూ ఒక సన్నని గీత గీయండి. పక్కన టోల్ ట్యాగ్ గుర్తు వేయండి. లోహపు పొర లేని అద్దమైతే కెమెరాకు, సెన్సర్లకు, చట్రానికి తగినంత దూరంగా ఉన్న చోటు చుట్టూ గీయండి. మాన్యువల్‌లో ఈ విషయాన్ని అద్దాల శుభ్రత పేజీలో దాచకుండా విషయసూచికలో టోల్ పేరుతోనే పెట్టండి. ముందు అద్దం పగిలి మార్చవలసి వచ్చినప్పుడు కొత్త అద్దానికి కూడా ఆ గీత ఉండేలా చూడండి. పాత అద్దంతోపాటే ట్యాగ్ కూడా చెత్తలోకి పోతుందన్న సంగతి మరమ్మతు చేసేవారు ముందుగా చెప్పేలా వారికి సూచించండి. అద్దం మార్పించుకుని, ట్యాగ్ సంగతి మరిచిపోయి, నేరుగా టోల్‌గేటుకు వెళ్లి చిక్కుకున్నవారు ఎందరో ఉంటారు.

ఇంకో అడుగు వేయగలిగితే పరికరాన్ని కారులోనే కలిపేయండి. ఆడి సంస్థ అమెరికా మార్కెట్టు కోసం టోల్ పరికరాన్ని రియర్‌వ్యూ మిర్రర్ లోపలే అమర్చే ఏర్పాటును 2018లో ప్రకటించింది. జపాన్‌లో 2001 నుంచి నడుస్తున్న పద్ధతిలో పరికరం కారులో శాశ్వతంగా ఉంటుంది, డబ్బు చెల్లించే కార్డు మాత్రం యజమాని జేబులో ఉంటుంది, బండెక్కాక దాన్ని పరికరంలో పెడతాడు. పరికరాన్ని అమర్చాక ఆ బండి వివరాలను అందులో నమోదు చేసే పని గుర్తింపు పొందిన దుకాణాలు చేస్తాయి. కార్డు పెట్టడం మరిచిపోతే గేటు తెరుచుకోదు గనుక, ఇంజిన్ స్టార్టు చేయగానే కార్డు లేదని గొంతు విప్పి చెప్పే పరికరాలు అక్కడ మామూలే. తప్పును గేటు దాకా పోనివ్వకుండా ఇంటి ముంగిట్లోనే పట్టుకునే ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. సింగపూర్‌లో 1998 నుంచి వాడిన పరికరాలను 2023 నవంబరు నుంచి కొత్తవాటితో మారుస్తున్నప్పుడు కూడా చోటు గురించి వాదం నడిచింది. కారులో అయితే ప్రధాన భాగం ముందు సీటు ప్రయాణికుడి కాళ్ల దగ్గర, యాంటెన్నా, తెర పైన వచ్చాయి. మూడు ముక్కలెందుకని జనం అడిగారు. ఆ విమర్శ ఎలా ఉన్నా, పాత బండ్లకు తొలిసారి బిగించే పనిని ప్రభుత్వమే గుర్తింపు పొందిన వర్క్‌షాపుల్లో ఉచితంగా చేయించింది. స్టిక్కర్ చవకైనది కాబట్టి వర్క్‌షాపు దాకా పోనవసరం లేదని మీరు అనవచ్చు. చవకైనది స్టిక్కరు మాత్రమే. అది పలకనప్పుడు పడే జరిమానా చవకైనది కాదు.

ఇప్పుడు టోల్ అధికారులకు చెప్పుకోవలసిన మాట. ట్యాగ్ అతికించిన క్షణం నుంచి మొదటి గేటు చేరే క్షణం దాకా, అది పనిచేస్తుందో లేదో తెలుసుకునే మార్గం మాకు ఏదీ లేదు. ఫోను కొంటే దుకాణంలోనే ఆన్ చేసి చూసుకుంటాం. ట్యాగ్ పరీక్ష మాత్రం వెనుక పది బండ్లు నిలబడి ఉండగా, బ్యారియర్ ముందే జరగాలి. పెట్రోలు బంకుల్లో, సర్వీసు సెంటర్లలో, రహదారి పక్క విశ్రాంతి స్థలాల్లో, టోల్‌గేటుకు ముందున్న ఖాళీ జాగాలో, డబ్బు కోయకుండా ట్యాగ్‌ను చదివి మాత్రమే చూపే రీడర్లు పెట్టండి. బండి దాని కింద నుంచి నెమ్మదిగా పోతే, ట్యాగ్ పలికిందా, ఖాతా చెల్లుబాటులో ఉందా, నంబరు సరిపోయిందా అన్న మూడు సంగతులు తెర మీద కనిపిస్తే చాలు. ఇందుకు కొత్తగా కనిపెట్టవలసినది ఏమీ లేదు. గేటు దగ్గరున్న యంత్రాన్నే గేటు లేని చోట పెట్టమంటున్నాను.

ఇక పలకకపోతే ఏం జరగాలన్నది. నా దృష్టిలో ఈ లేఖ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ట్యాగ్ పలకకపోవడానికి కారణాలు అనేకం: అద్దంలోని లోహం, తప్పు చోటు, నిస్సత్తువైన బ్యాటరీ, ముందున్న పెద్ద లారీ చాటు, గేటు మీది యాంటెన్నా పక్కకు తిరిగి ఉండటం, రీడర్ పాడవడం, నెట్‌వర్కు తెగిపోవడం. వీటిలో దాదాపు సగం కారణాలు గేటు వైపువే. కానీ బ్యారియర్ లేవని ప్రతిసారీ తప్పు బండివాడిదే అన్న లెక్కతో మొదలవుతుంది వ్యవహారం. తాను తప్పు చేయలేదని నిరూపించుకోవలసిన భారం, ఎక్కడా ఏ పరికరం లోపలా తొంగిచూడలేని వ్యక్తి మీద పడుతుంది. యంత్రం ఏ క్షణాన ఏం విన్నదో రాసి ఉన్న పట్టిక మీ దగ్గర ఉంటుంది, మా దగ్గర ఉండదు. ఆ పట్టిక ఎవరి చేతిలో ఉందో, నిరూపించే బాధ్యత కూడా వారిదే కావడం న్యాయం.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. భారతదేశంలో 2018 మేలో వచ్చిన నిబంధన ప్రకారం, చెల్లుబాటులో ఉండి, పనిచేస్తూ, తగినంత డబ్బున్న ఫాస్టాగ్ కలిగిన వాహనం, టోల్ ప్లాజాలోని యంత్రం పనిచేయకపోవడం వల్ల చెల్లించలేకపోతే, రుసుము లేకుండా వదలాలి, సున్నా చెల్లింపు రసీదు కూడా ఇవ్వాలి. అక్షరాలా గొప్ప నిబంధన అది. ఆచరణలో చిక్కు ఎక్కడంటే, యంత్రం పనిచేయడం లేదని తేల్చవలసినది ఆ యంత్రాన్ని నడిపేవారే. గేటు దగ్గర, హారన్ల మధ్య, ఆ వాదనలో నెగ్గే వాహనదారు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. అమెరికాలో ఈ-జీపాస్ వాడే కొన్ని సంస్థలు మరో దారి పట్టాయి. ట్యాగ్ పలకకపోతే కెమెరా నంబరు ప్లేటు ఫోటో తీస్తుంది, ఆ నంబరు ఏ ఖాతాకు చెందినదో చూసి ట్యాగ్ ఖాతా నుంచే టోల్ తీసుకుంటారు. కెనడాలో 1997లో మొదలైన 407 హైవే మీద టోల్ బూత్‌లే లేవు. ట్యాగ్ ఉంటే ట్యాగ్, లేకుంటే ప్లేటు ఫోటో, ఏదైనా బండి ఆగదు. స్టాక్‌హోమ్‌లో నగరంలోకి వచ్చిపోయే బండ్ల మీద రద్దీ రుసుమును 2006లో ప్రయోగంగా పెట్టినప్పుడు కార్లలో పరికరాలు కూడా పెట్టారు. 2007లో పథకాన్ని శాశ్వతం చేసేనాటికి కెమెరాలే చాలునని వాటిని మానేశారు. లండన్ అయితే 2003లో తన రద్దీ రుసుము మొదలైనప్పటి నుంచీ నంబరు ప్లేట్లనే నమ్ముకుంది. మీ గేట్ల మీద కూడా ఇప్పుడు కెమెరాలు ఉన్నాయి. జరిమానా వేయడానికి ప్లేటు ఫోటో చాలినప్పుడు, అదే ఫోటో చూసి ఖాతాలో మామూలు టోల్ కోసుకోవడానికి ఎందుకు చాలదో నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

కనీసం ఒక చిన్న మార్పు వెంటనే చేయవచ్చు. ఒకే బండి ట్యాగ్ వరుసగా రెండు మూడు గేట్ల దగ్గర సరిగా పలకకపోతే, అది మీ కంప్యూటర్లలో తెలిసిపోతుంది. అప్పుడు ఆ యజమానికి జరిమానా నోటీసుకు ముందే, మీ ట్యాగ్ సరిగా వినపడటం లేదు, ఎక్కడ అతికించారో చూసుకోండి, ఉచితంగా పరీక్షించే చోటు ఫలానాది అని ఒక సందేశం పంపండి. నాకు ఆ సందేశం మొదటి వారంలో వచ్చి ఉంటే ఈ లేఖ పుట్టేదే కాదు.

మౌనం గురించి ఇంకొక మాట. స్టిక్కర్ ట్యాగ్‌కు నోరు లేదు. పెట్టె పరికరాలు కూడా చాలాచోట్ల ఒక బీప్‌తో సరిపెడతాయి. బీప్ ఒకటైతే ఒక అర్థం, రెండైతే మరో అర్థం అని పెట్టుకున్న చోట్ల కూడా ఆ అర్థాలు గుర్తుంచుకునేవారు అరుదు. ఎంత కోశారో ఆ క్షణాన తెలియదు. ఇది సౌకర్యమే అనుకుంటాం గాని, ఆర్థికవేత్త ఎమీ ఫింకెల్‌స్టైన్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఎలక్ట్రానిక్ వసూలు వచ్చాక అమెరికాలో టోల్ రేట్లు, అది రాకపోయి ఉంటే ఉండే స్థాయి కంటే 20 నుంచి 40 శాతం పెరిగాయని తేల్చింది. చేతిలో నుంచి నోటు పోతే మనిషి గమనిస్తాడు, ఖాతాలో అంకె తగ్గితే గమనించడు. కాబట్టి గేటు దాటిన వెంటనే ఎంత తీసుకున్నారో, ఎంత మిగిలిందో పెద్ద అక్షరాల్లో చూపే తెర ప్రతి చోటా ఉండాలి. సందేశం నాలుగు గంటల తర్వాత వస్తే, రెండుసార్లు కోసిన తప్పు కూడా నాలుగు గంటల తర్వాతే తెలుస్తుంది. అప్పటికి ఏ గేటు దగ్గర జరిగిందో గుర్తు కూడా ఉండదు.

ఒక పరికరం అన్ని దారులకూ చెల్లాలన్న మాట కొత్తది కాదు గనుక క్లుప్తంగా చెబుతాను. పోర్చుగల్ 1991లో వియా వెర్దే అనే ఎలక్ట్రానిక్ టోల్ పద్ధతి మొదలుపెట్టి 1995 నాటికే దేశమంతటికీ ఒకే పరికరం చెల్లేలా చేసింది. ఐరోపా సమాఖ్య 2004లో దేశాల మధ్య కూడా అలా చెల్లాలని ఆదేశమిచ్చి, 2019లో దాన్ని మళ్లీ కొత్తగా రాసుకోవలసి వచ్చింది. అమెరికా 2012 చట్టం నాలుగేళ్ల గడువు పెట్టింది, గడువు దాటినా దేశమంతటా ఒకే ట్యాగ్ రాలేదు. సరిహద్దులు దాటే లారీల ముందు అద్దం మీద వరుసగా పేర్చిన పెట్టెలను చూసినవారికి దీని భారం వేరే చెప్పనక్కరలేదు. ఒక్క పరికరానికే సరైన చోటు దొరకని అద్దం మీద నాలుగింటికి చోటు ఎక్కడ వెతకాలి?

తోటి వాహనదారులకు కూడా ఒకటి రెండు మాటలు, అధికారులు అనుమతిస్తే. అతికించే ముందు అద్దాన్ని లోపలివైపు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద, దుమ్ము మీద, మరీ చల్లగా ఉన్న అద్దం మీద జిగురు పట్టదు. ట్యాగ్‌ను చేత్తో పట్టుకుని గేటు దగ్గర చూపించే అలవాటు మంచిది కాదు. చదవడం తప్పుతుంది, పక్క లేన్ రీడర్‌కు చిక్కే ప్రమాదం ఉంది. అతికించకుండా వాడే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడతామని భారతదేశపు జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలో ప్రకటించింది కూడా. బ్యారియర్ లేవకపోతే వెనక్కి తీయకండి, వెనుక బండి మీ బంపరుకు జానెడు దూరంలో ఉంటుంది. జపాన్‌లో గేటును 20 కిలోమీటర్ల వేగం లోపే దాటమని చెప్పడం వెనుక కారణం, ముందు బండి హఠాత్తుగా ఆగితే ఆగగలగాలనే. కారు అమ్మేటప్పుడు ట్యాగ్ ఖాతా మూయించకపోతే కొత్త యజమాని ప్రయాణాలకు మీరు డబ్బు కడుతూ ఉంటారు. అద్దె కారు ఎక్కేముందు అందులో ట్యాగ్ ఉందా, ఉంటే టోల్ ఎవరి ఖాతాలో పడుతుంది, దాని మీద రోజువారీ అదనపు రుసుము ఏమైనా ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

మళ్లీ అధికారుల వద్దకు వస్తాను. ట్యాగ్ ఎక్కడ చదివారో, ఎందుకు చదివారో చెప్పడం కూడా మీ బాధ్యతే. న్యూయార్క్‌లో టోల్ లేని వీధుల్లో సైతం, ట్రాఫిక్ వేగం కొలవడానికి ఈ-జీపాస్ ట్యాగ్‌లను చదువుతున్నారని 2013లో ఒక వాహనదారు తన ట్యాగ్‌కు చిన్న దీపం అమర్చి బయటపెట్టాడు. అమెరికాలో విడాకుల కేసుల్లో టోల్ రికార్డులు సాక్ష్యంగా కోర్టులకు చేరిన సందర్భాలున్నాయి. వేగం కొలవడం మంచి పనే కావచ్చు. కానీ టోల్ కోసమని అతికించిన దాన్ని మరో పనికి వాడేటప్పుడు ముందుగా చెప్పాలి, ఎన్నాళ్లు దాచి ఉంచుతారో చెప్పాలి. ట్యాగ్ వాడనప్పుడు దాచుకోవడానికి అక్కడ తరంగాలు దూరని సంచి కూడా ఇస్తారు. స్టిక్కర్ అతికించుకున్న మాకు ఆ వెసులుబాటు లేదు.

తైవాన్ అనుభవంతో నా విన్నపం ముగిస్తాను. అక్కడ 2006లో మొదలైన పద్ధతిలో పరికరాన్ని వాహనదారులు కొనుక్కోవలసి వచ్చింది. కొన్నవారు తక్కువ. 2012లో స్టిక్కర్ ట్యాగ్ తెచ్చి మొదటిదాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక, 2013 డిసెంబరు 30న ఎక్స్‌ప్రెస్ రహదారుల మీది టోల్‌గేట్లన్నీ ఒకేసారి మూతపడి, ప్రయాణించిన దూరాన్ని బట్టి టోల్ లెక్కించే పద్ధతి వచ్చింది. ట్యాగ్ ధర భారాన్ని వాహనదారు నెత్తిన పెట్టినంతకాలం కదలని బండి, ఆ భారాన్ని వ్యవస్థ మోయగానే కదిలింది. ట్యాగ్ అతికించే చోటు, అది పలకకపోతే ఎవరు బాధ్యులన్న లెక్క కూడా ఇలాంటి భారాలే.

మీలో ఎవరైనా ఈ లేఖకు జవాబు రాస్తే, విధానాల గురించీ ప్రణాళికల గురించీ తర్వాత రాయవచ్చు. ముందుగా నా కారు మోడల్ చెబుతాను, దాని ముందు అద్దం మీద ట్యాగ్‌ను ఏ అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో అతికించాలో ఒక్క వాక్యంలో రాసి, కింద మీ సంస్థ పేరుతో సంతకం చేసి పంపండి. మళ్లీ తెప్పించుకున్న ట్యాగ్ కవరు ఇంకా విప్పలేదు.

భవదీయుడు,
ఒక వాహనదారు